లాభం సెలవులో ఉంది

మా కంపెనీ వార్షిక నివేదికను తెలుగులోకి దించేది నేనే. కాబట్టి అది ఎవరికీ అర్థం కాదని నాకంటే గట్టిగా చెప్పగలిగినవాళ్ళు లేరు.

కంపెనీ పేరు శ్రీ వరదా పింగాణీ పరిశ్రమ లిమిటెడ్. సామర్లకోట దాటాక రోడ్డుకి కుడిపక్కన పొడుగ్గా పొగ గొట్టాలు కనిపిస్తాయి, అదే. వాష్ బేసిన్లు, నేల పలకలు, ముఖ్యంగా కమోడ్లు చేస్తాం. నా పేరు చిట్టిబాబు, హోదా భాషాధికారి. ఏడాది పొడుగునా ‘ఇక్కడ ఉమ్మరాదు’, ‘గేటు దగ్గర బండ్లు నిలపరాదు’ లాంటి రచనలు చేస్తాను. ఏడాదికోసారి నివేదిక రాస్తాను.

ఆ నివేదికలో ‘సమగ్ర ఆదాయ వివరణలో ప్రతిబింబించని ఆకస్మిక బాధ్యతల పునర్మూల్యాంకనానికి లోబడి’ అని మొదలైన వాక్యం రెండు పేజీలు నడిచి, మూడో పేజీలో ఎక్కడో ఊపిరాడక పడిపోయేది. క్రియాపదం కోసం వెతికినవాడు తిరిగి వచ్చేవాడు కాదు. రాసింది నాకే అర్థం కాకపోయినా జీతం మాత్రం అర్థమయ్యేలా వచ్చేది కాబట్టి నాకు ఇబ్బంది ఉండేది కాదు. వాటాదారులు కూడా ఏమీ అనేవారు కాదు. మా అక్క వెంకాయమ్మ పోయినేటి నివేదికను ఆవకాయ జాడీ మూత మీద బరువుగా పెట్టుకుంది. ఏ కంపెనీ నివేదికైనా అంతకన్నా పనికొచ్చినట్టు నేను వినలేదు.

అక్క ఇంటికి నివేదిక ఎందుకొచ్చిందంటే, మా బావ నూకరాజు మా కంపెనీలో వాటాదారు. కోరి అయినవాడు కాదు. బట్టీ దగ్గర పనిచేస్తాడు. రెండేళ్ళుగా కంపెనీ బోనసుకి బదులు షేర్లు ఇస్తూ, బట్టీ పనివాళ్ళందరినీ యజమానుల్ని చేసి పారేసింది. యజమానులయ్యాక వాళ్ళు టీ కూడా అప్పు మీదే తాగుతున్నారు.

ఈలోగా అక్కకి మోకాళ్ళు అరిగిపోయాయి. కింద కూర్చుంటే లేవలేదు. డాక్టరు కమోడు పెట్టించుకోమన్నాడు. ఊళ్ళవాళ్ళందరికీ కమోడ్లు కాల్చి పంపే మనిషి ఇంట్లో కమోడు లేదు. అంచు విరిగిన కమోడు కంపెనీలో చవగ్గా ఇస్తారు, కానీ దానికో గది కట్టాలి, గొయ్యి తవ్వాలి, గొట్టాలు వేయాలి. ఆ ఖర్చంతా ఈ ఏటి బోనసు మీదే పెట్టుకున్నాడు బావ. సరిగ్గా అప్పుడే, ఈ ఏడు కూడా బోనసుకి బదులు షేర్లే ఇస్తామని కంపెనీ తీర్మానం తయారుచేసింది. కార్మిక వాటాదారులు సభలో ఒప్పుకుంటే చాలు, చెల్లిపోతుంది.

ఓ ఆదివారం బావ నన్ను పక్కకి లాగాడు.

“ఏరా బామ్మర్దీ, రిపోర్టు నువ్వే రాత్తన్నావు గదా. కంపెనీకి లాభమా, నట్టమా? అదొక్కటీ సెప్పు సాలు. లాభమైతే ఇంకో ఏడాది షేర్లు పుచ్చుకుంటాం. మీ అక్కని ఎలాగో ఒకలాగ నేనే లేపుకుంటాను. నట్టమైతే ఆ కాయితాలు మాకెందుకురా, నాకటానికా?”

నష్టం ముప్పై తొమ్మిది కోట్లని నాకు తెలుసు. సభ కంటే ముందు చెబితే ఉద్యోగం పోతుందని కూడా తెలుసు.

“నివేదిక వస్తుంది కదా బావా, చదువుకో.”

“సదివితే తెలుత్తాదా?”

“తెలియాలనే కదా రాసేది” అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆ వారమే పైనుంచి కొత్త నియమం వచ్చింది. కంపెనీల నివేదికలు సామాన్యుడు చదవలేకపోతున్నాడని ఎక్కడెక్కడి వాటాదారులో మొరపెట్టుకోగా, పెద్దలు కరిగిపోయి, ‘వార్షిక నివేదికల పఠన సౌలభ్య మండలి’ అని ఒకటి పెట్టారట. ఇకమీదట ప్రతి నివేదికకూ సౌలభ్య మార్కులు వేస్తారు. నూటికి తొంభై రాకపోతే నివేదిక చెల్లదు. ఇంగ్లీషులో పొడుగు మాటలు లెక్కపెట్టే పద్ధతి ఉంది కానీ తెలుగుకి ఏ పద్ధతీ లేదు. అందుకని ఉపసంఘం వేశారు. అందులో ఒక రిటైరైన ఇంజనీరు, ఒక సైన్ బోర్డుల కాంట్రాక్టరు, ఒక కంటి డాక్టరు ఉన్నారు. తెలుగు వచ్చినవాళ్ళని వేస్తే పక్షపాతం చూపిస్తారని వేయలేదు.

మండలి తరఫున మా జిల్లాకి పరిశీలకుడిగా కామేశం గారు వచ్చారు. సన్నటి మనిషి. చేతిలో లావుపాటి భూతద్దం. మా చైర్మన్ చక్రపాణి గారి గదిలో కూర్చుని, ఇచ్చిన జీడిపప్పు పూర్తిచేసి, విషయంలోకి దిగారు.

“తెలుగు చదవడంలో కష్టం ఎక్కడుందో మండలి శాస్త్రీయంగా నిర్ధారించిందండి. అక్షరాల కింద ఉంది.”

“కిందా?” అన్నారు చైర్మన్ గారు, బల్ల కిందికి చూసి.

“ఒత్తులండి. కన్ను వరస వెంబడి సాఫీగా పోతూ ఉంటుంది. ఒత్తు రాగానే కిందికి దిగాలి, చూడాలి, మళ్ళీ పైకెక్కాలి. మీ పోయినేటి నివేదిక ఆసాంతం చదివిన వాటాదారు కన్ను, తిరుమల మెట్లు ఎక్కి దిగినంత శ్రమ పడుతుందని మా డాక్టరు గారు తేల్చారు.”

“ఆసాంతం చదివినవాళ్ళు ఉన్నారాండీ?” అని అడిగాను.

“అందుకే లేరు” అన్నారాయన జాలిగా. “ప్రత్యక్ష ప్రమాణం చెబుతాను, వినండి. ‘సులభం’ అన్న మాటలో ఒత్తు ఉందా? లేదు. ‘కష్టం’ అన్న మాటలో? ఉంది. భాష తనంతట తనే ఒప్పుకుంటోంది.”

చైర్మన్ గారు ‘ఆహా’ అన్నారు. నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. “చదవడం సరేనండీ, మరి అర్థం కావడం మాటేమిటి?”

“‘అర్థం’లో ఒత్తు ఉంది. కాబట్టి మండలి దాని జోలికి పోలేదు.”

తర్వాత తెలిసింది, ఆ మండలిలో ఉద్యోగం రావాలంటే పేరులో కూడా ఒత్తు ఉండకూడదట. కామేశం గారి కంటే పైమెట్టులో ఉండాల్సిన కృష్ణమూర్తి అనే ఆయన ఇంకా కోర్టు చుట్టూ తిరుగుతున్నాడట.

పని మొదలైంది. ఒత్తున్న ప్రతి మాటకీ ఒత్తులేని బదులు మాట సూచించే బాధ్యత నియమం ప్రకారం భాషాధికారిది, అంటే నాది. ముందుగా కంపెనీ పేరులోని ‘శ్రీ’ దగ్గరే ఆగిపోయాం. కింద క్రావడి ఉంది. దాన్ని ‘సిరి’ చేశాను, అదే వరసలో ‘పరిశ్రమ’ని ‘కంపెనీ’ చేశాను. చైర్మన్ గారికి నచ్చింది. తర్వాత ఆయన హోదా దగ్గర ఆగాం. ర కింద మ ఉంది. మధ్యలో విడగొట్టి ‘చైరుమాను’ అన్నాను.

“మాను ఏమిటయ్యా? నేనేమైనా దుంగనా?” అని ఆయన మండిపడ్డారు. చివరికి ‘అధిపతి’ దగ్గర రాజీ కుదిరింది. ఆయన పేరులోనూ ఒత్తు ఉంది కాబట్టి ఇక హోదా ఒక్కటే వేయాలనుకున్నాం. ఆ పేరు పెట్టాక ఆయన నడక కూడా మారింది.

మొదటి రెండు రోజులు అధిపతి గారికి ఈ గోల విసుగ్గానే ఉంది. మూడో రోజు ముసాయిదా తిరగేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయారు.

“చిట్టిబాబూ, ‘నష్టం’లో ఏముంది?”

“ముప్పై తొమ్మిది కోట్లండి.”

“అది కాదయ్యా. ఒత్తు ఉందా?”

“ష కింద ట ఉందండి.”

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. “అయితే అది వాటాదారుని కష్టపెడుతుంది” అన్నారు. గొంతులో నిజమైన బాధ పలికింది. “తీసెయ్.”

ఆ తర్వాత ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ‘అప్పు’ చూపించి “ఇదీ?” అన్నారు. ప కింద ప. ‘వడ్డీ’, డ కింద డ. ‘ఖర్చు’ కూడా అంతే. ‘బాధ్యత’ సంగతి అడగనే అక్కర్లేదు. ‘పన్ను’ని అయితే తనే స్వయంగా ఎర్ర పెన్నుతో పీకేశారు. ఆఖరికి ‘లెక్క’ దొరికింది. క కింద క ఉంది కాబట్టి లెక్కల నివేదికలోంచి లెక్కలు పోయాయి.

“మరి ‘లాభం’?” అన్నారు, కొంచెం భయంగా.

“ఒత్తు భ ఉందండి” అన్నాను. బళ్ళో పంతులుగారు అలాగే నేర్పారు.

కామేశం గారు చిరునవ్వు నవ్వి భూతద్దం కింద పెట్టారు. “అది అక్షరంలోనే కలిసిపోయిన ఒత్తండి. కన్ను కిందికి దిగదు. మండలి ఈ ఒక్క విషయం మీదే రెండు సమావేశాలు జరిపింది. పరిశ్రమల వారి అభ్యర్థన మేరకు ఆ జాతి ఒత్తులన్నింటికీ మినహాయింపు ఇచ్చాం.”

“దేశం బాగుపడుతుంది” అన్నారు అధిపతి గారు.

ఇక అంకెలు మిగిలాయి. అంకెలకి ఒత్తులుండవు కదా, దొరికిపోయామనుకున్నాను. కానీ అంకెని వాటాదారు మనసులో మాటగానే చదువుకుంటాడు కాబట్టి అంకెలన్నీ అక్షరాల్లోనే రాయాలని నియమంలో ఉంది. ‘ముప్పై’లో ఒత్తు. ‘తొమ్మిది’లో ఒత్తు. ‘కోటి’ సులభం, కానీ ‘కోట్లు’ కష్టం. అంటే కోటి దాటిన ఏ మొత్తమూ మా కంపెనీలో చదవడానికి వీలుకాదు. ‘కోటి మొదలుకొని’ అని రాశాను. ‘సున్నా’ అందామన్నా దానికీ ఒత్తు ఉంది.

‘నష్టం’ బదులు ఏం పెట్టాలి? ‘లాభం లేదు’ అని సూచించాను. ఒక్క ఒత్తు కూడా లేదు. అధిపతి గారు ఆ రెండు మాటల్నీ చాలాసేపు చూశారు.

“మరీ ఇంత సులభమైతే వాటాదారు తెలివిని అవమానించినట్టు కాదూ? కొంచెం హుందాగా ఆలోచించు.”

హుందాగా ఆలోచించి ‘లాభం సెలవులో ఉంది’ అని రాశాను. ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. ఆ సెలవు మాట ఎక్కడినుంచి తట్టిందో నాకే తెలియదు, నోటికి అలవాటైన మాట కాబట్టి వచ్చి ఉంటుంది. అదే ఊపులో అప్పుని ‘బయటి వారి ఆదరణ’ చేశాను. వడ్డీని ‘ఆ ఆదరణకు ఏటేటా చేసే సేవ’ చేశాను. ఖర్చు ‘చేజారిన ధనం’ అయింది. ఇంత బాగా కుదురుతున్నందుకు నాకు కాస్త గర్వంగా కూడా ఉంది, ఆ సంగతి దాచను.

ఒక్క అడ్డు మిగిలింది. మా ఆడిటరు త్ర్యంబకేశ్వర శాస్త్రి గారు. ముక్కుసూటి మనిషి. ‘చేజారిన ధనం ఎవరి చేతినుంచి జారింది?’ అని అడిగి కూర్చున్నారు. కామేశం గారు ఆయన సంతకం మీద భూతద్దం పెట్టి కంగారుపడ్డారు. మొదటి అక్షరానికే రెండు ఒత్తులు, ఒకదాని కింద ఒకటి. చివర మళ్ళీ రెండు. నివేదిక మొత్తంలో చదవడానికి అన్నిటికంటే కష్టమైన భాగం ఆడిటరు గారి పేరేనని తేలింది. వాటాదారుల సౌకర్యం కోసం ఆయన్ని తప్పించి, అధిపతి గారి తోడల్లుడు రామదాసు గారిని వేశారు. రామదాసు గారు వచ్చిన పూటే సంతకం పెట్టేశారు.

“చదవకుండానే అర్థమైపోయేంత సులభంగా ఉందయ్యా” అని నన్ను మెచ్చుకున్నారు.

నూటికి నూరు మార్కులు వచ్చాయి. జిల్లాలో మేమే మొదట. మూడు వందల పేజీల నివేదిక ఆరు పేజీలకి దిగింది. తెలుగు నివేదిక కోరుకున్న వాటాదారులకి తెలుగుదే వెళ్ళాలి కాబట్టి, బట్టీ పనివాళ్ళందరికీ ఆ ఆరు పేజీలూ పంచాం.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళేసరికి బావ గుమ్మంలో స్టూలు వేసుకుని పైకి చదువుతున్నాడు. ఆయన చదివింది ఆరో తరగతి దాకానే. పెళ్ళి శుభలేఖ కూడా కూడబలుక్కుని చదివే మనిషి, రైలుబండిలా పోతున్నాడు.

“మన కంపెనీ పోయిన ఏడాదిలాగే ఈ ఏడాది కూడా ఉంది. ఆదాయం ఆదాయంగానే ఉంది. లాభం సెలవులో ఉంది. బయటి వారి ఆదరణ మునుపటి కంటే అధికం. ఆ ఆదరణకు ఏటేటా చేసే సేవ కూడా అధికం. చేజారిన ధనం కోటి మొదలుకొని ఉండగలదు. వివరాలు మరో పేజీలో చూడగలరు. ఆ పేజీ వచే ఏడాది రాగలదు.”

‘వచ్చే’లో ఒత్తు కామేశం గారే స్వహస్తాలతో తీసేశారు.

“ఏం రాసేవురా బామ్మర్దీ! గొంతులో ఎక్కడా అడ్డం పడలేదు. మంచినీళ్ళు తాగినట్టుంది” అన్నాడు బావ, మొహం వెలిగిపోతూ.

“ఏం తెలిసింది బావా?”

“బాగానే ఉందన్నమాటేగా? బయటోళ్ళంతా మనోళ్ళని ఆదరిత్తన్నారంట. లాభం సెలవెట్టిందంట, సెలవైపోగానే వచ్చేత్తాది. పోన్లే, ఈ ఏడు కూడా షేర్లే పుచ్చుకుందాం. ఏమే, ఇంకో ఏడాది ఓపిక పట్టగలవా?”

లోపల గోడ పట్టుకుని లేవబోతున్న అక్క ‘అమ్మా’ అని మూలిగింది. నాకు సిగ్గేసింది. చచ్చేంత సిగ్గేసింది. నోరు విప్పి ముప్పై తొమ్మిది కోట్లని చెప్పేద్దామనుకున్నాను. చెప్పలేదు. నాకూ ఇల్లుంది, ఇంటి అద్దె ఉంది.

అక్క గుమ్మం దాకా వచ్చి నిలబడింది. “సెలవులో ఉందని రాశారా తమ్ముడూ?”

“అవునక్కా.”

“పోయినేడు మన సింహాచలాన్ని కూడా సెలవులో ఉండమన్నారు కదా. వాడితోపాటు రెండో బట్టీ వాళ్ళందర్నీ. మళ్ళీ పిలిచారా?”

బావ కాగితాలు ఒళ్ళో పెట్టుకుని నా మొహంలోకి చూశాడు.

ఆ ‘సెలవులో ఉండండి’ బోర్డు రాసింది నేనే. రెండో బట్టీ గేటుకి తగిలించాం. దాని అర్థం ఇంటికి పొమ్మని. ఏడాది దాటింది, ఒక్కణ్ణీ పిలవలేదు. కంపెనీలో ఆ మాటకి బట్టీ పనివాళ్ళు ఏం అర్థం చెప్పుకుంటారో కలం పట్టుకున్నప్పుడు నాకు గుర్తు రాలేదు.

“ఓరినీ!” అన్నాడు బావ లేచి నిలబడి. “ఆ సెలవా?”

చొక్కా కూడా తొడుక్కోకుండా, ఆరు పేజీలూ పట్టుకుని వీధిలోకి పోయాడు. నేనేమీ చెప్పలేదని ఏ కోర్టులోనైనా ప్రమాణం చేయగలను.

వార్షిక సభ ఫ్యాక్టరీ షెడ్డులో పెట్టారు. వేదిక మీద పూలకుండీలకి బదులు మా కంపెనీ వాష్ బేసిన్లలో చామంతులు అమర్చారు. అధిపతి గారు మధ్యలో, రామదాసు గారు కుడివైపు, కామేశం గారు ఎడమవైపు కూర్చున్నారు. కామేశం గారి ముందు ఇత్తడి గంట ఉంది. సభలో పలికిన మాటలన్నీ నివేదికకి అనుబంధంగా అచ్చు వేయాలి కాబట్టి ఒత్తు పలికిన ప్రతిసారీ గంట కొడతారు. ఒత్తుతో పలికిన మాట చెల్లదు. పరిశీలకుడికి మాత్రం మినహాయింపు. ఎదురుగా నాలుగు వందల మంది బట్టీ పనివాళ్ళు, అంటే నాలుగు వందల మంది యజమానులు, బెంచీలు చాలక నేల మీద కూర్చున్నారు.

అధిపతి గారు లేచారు. వారం రోజులు సాధన చేసిన మనిషి.

“అందరికీ వందనం. మీ ఆదరణ మాకు బలం. మన దారి వెలుగు దారి. లాభం సెలవులో ఉంది. సెలవు అయిపోగానే రాగలదు. ఈ ఏడాది బోనసును కూడా వాటాల రూపంలో అందించాలని మా కోరిక. ఇది మీకే మేలు. మంచినీళ్ళు...”

గంట మోగింది. “నీరు” అని సరిదిద్దుకుని తాగారు. “మరి, సరేనా?”

బావ లేచాడు. “అయ్యా, ఓ ప్రశ్న.”

గంట. “‘ప్రశ్న’లో రెండు ఒత్తులున్నాయి. ప్రశ్న చెల్లదు. జవాబుకి మాత్రం ఏ అభ్యంతరమూ లేదు, ఎవరైనా ఇవ్వవచ్చు” అన్నారు కామేశం గారు.

“ప్రశ్న లేకుండా జవాబేంటండీ?” అని వెనక నుంచి ఎవరో అరిచారు. గంట మోగింది. బావ చెయ్యెత్తి అందర్నీ ఆపాడు.

“సరేలెండి, అడగం. మాటొక్కటే సెబుతాం. మాకు షేర్లు వద్దు!”

“వద్దు!” అని నాలుగు వందల గొంతులూ అందుకున్నాయి. రేకుల కప్పు దడదడలాడింది. కామేశం గారు రెండు చేతులతో గంట వాయించారు. షెడ్డు బయట ఐసుబండి అబ్బాయి ఎవరో పిలుస్తున్నారనుకుని లోపలికి తొంగిచూశాడు.

గోల సద్దుమణిగాక కామేశం గారు ప్రకటించారు. “‘వద్దు’లో ద కింద ద ఉంది. చదవడానికి కష్టం. కాబట్టి నాలుగు వందల ఓట్లూ చెల్లవు.”

“‘సరే’లో?” అన్నారు అధిపతి గారు, తెలియనట్టు.

“‘సరే’ నిర్దోషం.”

అధిపతి గారి పెదవులు విచ్చుకున్నాయి. వెనక వరసలోంచి “కాదు!” అని వినిపించింది.

“ఏది కాదు?” అన్నారాయన మెత్తగా. “ఇవి వాటాలు కావా? నేను అధిపతిని కాదా?”

“‘కాదు’ సులభమే, కానీ ఇక్కడ అతకదు” అని కామేశం గారు తీర్పు చెప్పారు. “‘ఒప్పుకోం’ అని కూడా అనకండి, అందులోనూ ఉంది. మరెవరికీ అభ్యంతరం లేకపోతే తీర్మానం...”

“ఆగండాగండి” అన్నాడు బావ. ఇంట్లో గోడ పట్టుకుని లేచే మనిషి ఆయన కళ్ళముందు ఉందని నాకు తెలుసు. “సదువుకున్నోళ్ళు మీరు. మేం ఏవన్నా దాని కింద ఏదో ఉందంటన్నారు. మరి మాకు ఇట్టం లేదని ఎలాగ సెప్పమంటారు? నోరు మూసుకోడానికైతే ఒత్తులేం అక్కర్లేదు గదండీ!”

దీనికి గంట కొట్టాలో లేదో కామేశం గారికి తోచలేదు. ఆయన చెడ్డమనిషి కాదు, నియమం మనిషి. పుస్తకం తీసి పేజీలు తిప్పారు. వేలు ఒకచోట ఆగింది.

“నిజమే. చెల్లని మాటకి బదులు మాట సూచించవలసిన బాధ్యత భాషాధికారిది. వాటాదారు ఎవరైనా కోరవచ్చు. ఇందులో కంపెనీ వారికి మాత్రమే అని ఎక్కడా లేదు. భాషాధికారి గారు ఏరీ?”

నేను వేదిక పక్కన వాష్ బేసిన్ వెనకాల నిలబడి ఉన్నాను. అందరూ నావైపు తిరిగారు. అధిపతి గారు కూడా తిరిగారు. ఆ చూపులో నా జీతం, నా ఇంటి అద్దె, నా పదకొండేళ్ళ బోర్డులు అన్నీ ఉన్నాయి. చిన్నగా తల అడ్డంగా ఊపారు.

మాటలు లేక కాదు. ఆ కంపెనీలో ఒత్తు లేని మాటలు ఏరడంలో నన్ను మించినవాడు లేడు. బావ ఎదురుచూస్తున్నాడు. ఆయన మా కంపెనీ వాటాదారే కాదు, మా అక్క మొగుడు.

“కుదరదు” అన్నాను.

“నీకు కుదరదా?” అన్నారు అధిపతి గారు, ఊపిరి పీల్చుకుని.

“నాకు కాదండి. అదే ఆ మాట. ‘వద్దు’కి బదులు ‘కుదరదు’.”

కామేశం గారు అక్షరం అక్షరంగా చూశారు. “కు. ద. ర. దు. ఒత్తుల్లేవు. చాలా చక్కని మాట.”

చక్కని మాటే. పైగా బట్టీ వాళ్ళకి కొత్త మాట కూడా కాదు. ఓ పూట సెలవు కావాలన్నా, పిల్లల ఫీజుకి అడ్వాన్సు అడిగినా, చేతులు కాలుతున్నాయి తొడుగులు ఇప్పించమన్నా, ఆఫీసు కిటికీ అవతలి నుంచి వాళ్ళు విన్నది ఆ మాటే. వినడమే కానీ అనే అవకాశం ఎన్నడూ రాలేదు.

నాలుగు వందల మందీ ఒక్కసారిగా లేచి నిలబడి అన్నారు. ఒకసారి అని ఊరుకోలేదు. నోటికి ఆ రుచి తగిలాక ఇక ఆపలేదు. ముసలివాళ్ళు కూడా అన్నారు. రెండో బట్టీ సింహాచలం గేటు బయటినుంచి అన్నాడు. గంట మోగలేదు. కామేశం గారు దాన్ని చేత్తో పట్టుకుని, తల ఊపుతూ విన్నారు.

“ఇంత స్పష్టంగా చదవదగిన అభిప్రాయం నా సర్వీసులో వినలేదు. నూటికి నూరు” అని రాసుకున్నారు.

తీర్మానం వీగిపోయింది. అధిపతి గారు నన్ను చూసి ఏదో అనడానికి నోరు తెరిచారు. ఆయన మనసులోకి వచ్చిన మాటలన్నింటికీ ఒత్తులున్నట్టున్నాయి. గంట వైపు చూసి మింగేశారు.

పది రోజుల్లో బోనసు రొక్కంగా ఇవ్వక తప్పలేదు. ఇచ్చిన వారానికి నాకూ ఒక కాగితం ఇచ్చారు. అది పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాను. పెరట్లో గోడలు లేచాయి. మేస్త్రి కమోడుని అటూ ఇటూ జరుపుతున్నాడు. అక్క స్టూలు మీద కూర్చుని, “ఇంకాస్త ఎత్తుగా పెట్టు బాబూ” అంటోంది. బావ సిమెంటు చేతులు లుంగీకి తుడుచుకుని నా చేతిలో కాగితం తీసుకున్నాడు.

“మీ సేవలు ఇక చాలు. రేపటి నుంచి మీరు రానవసరం లేదు” అని గడగడా చదివేశాడు. ఎక్కడా ఆగలేదు. ఎవర్నీ ఏమీ అడగాల్సిన పని లేకపోయింది. కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు.

“ఇంత తేలిగ్గా రాయడం వచ్చినోళ్ళు, ఇన్నేళ్ళూ ఆ తెలుగు ఎక్కడ దాసుకున్నారురా?”